దవాఖానా తలుపు ఎవరి కోసం తెరవాలి?

(కరీంనగర్‌లో మహల్లా దవాఖానా ఏర్పాటు కోసం జరిగిన సన్నాహక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన మహల్లాలో ఒక చిన్న దవాఖానా తెరవాలన్న ఆలోచన చాలాకాలంగా ఉన్నది. ఇప్పుడది ఆలోచన దశ దాటి చందాల దశకు వచ్చింది. ఇంటింటికీ తిరిగినప్పుడు మా సంఘ సభ్యులకు మూడు ప్రశ్నలు ఎదురయ్యాయి. ఈ దవాఖానా మనవాళ్ల కోసమేనా, అందరి కోసమా? జకాత్ సొమ్ముతో దీనిని నడపవచ్చునా? వైద్యం ప్రభుత్వ బాధ్యత కదా, ఆ బరువును మనమెందుకు ఎత్తుకోవాలి? ఇవి నిజమైన ప్రశ్నలు. అడిగినవారు చందా ఎగవేయడానికి అడగలేదు. వీటికి సమాధానం తేల్చుకోకుండా దవాఖానా తెరిస్తే అది రెండేళ్లకే మూతపడుతుంది.

సమాధానాల కోసం మేము దూరం వెళ్లలేదు. మన పొరుగు జిల్లా నిజామాబాదులో, హైదరాబాదు రోడ్డు మీద డిచ్‌పల్లి ఉన్నది. అక్కడ నూరేళ్ల క్రితం మొదలైన ఒక ఆసుపత్రి చరిత్రలో ఈ మూడు ప్రశ్నలూ ఉన్నాయి. ముందుగా ఆ చరిత్రను మీ ముందు ఉంచుతాము.

డిచ్‌పల్లి కథ

ఇసబెల్ కెర్ స్కాట్లండ్ దేశస్థురాలు. 1875లో జన్మించారు. అబర్డీన్ విశ్వవిద్యాలయంలో వైద్యం చదివి 1903లో పట్టా పొందారు. ఆడవారు డాక్టరు కావడమే అరుదైన కాలమది. భర్త జార్జ్ కెర్ వెస్లియన్ మెథడిస్టు మిషన్‌కు చెందిన పాదిరీ. 1907లో దంపతులిద్దరూ నిజాం రాజ్యానికి వచ్చి, నిజామాబాదు కేంద్రంగా పనిచేశారు.

వచ్చినప్పుడు ఆమె కుష్ఠు వైద్యురాలు కాదు. ఇక్కడ కళ్లారా చూసిన తరువాతనే ఆ పనికి పూనుకున్నారు. మన ప్రాంతంలో ఆ జబ్బును పేరుపెట్టి పిలవడానికి కూడా భయపడేవారు, ‘పెద్దరోగం’ అనేవారు. రోగిని ఊరి బయట ఉంచేవారు. బావి దగ్గరికి రానిచ్చేవారు కాదు. పెండ్లి చేసుకున్న భార్య, కన్న కొడుకు కూడా దూరమయ్యేవారు. హిందువు, ముస్లిం అన్న తేడా ఈ వెలివేతలో లేదు. గుడి మెట్ల మీదా, దర్గా గుమ్మం ముందూ ఒకే విధంగా చేయి చాపి కూర్చున్న మనుషులు వారు.

1911లో ఆమె నిజామాబాదులో కుష్ఠు రోగుల కోసం ఒక చిన్న కేంద్రం తెరిచారు. రోగులు పెరిగారు, చోటు చాలలేదు. అప్పుడు నర్సాగౌడ్ అనే హిందూ దాత పెద్ద విరాళంతో ముందుకు వచ్చారు. రాజా నర్సాగౌడ్‌గా ఆయన పేరు నిజామాబాదు పెద్దలకు తెలుసు. ఆ సాయంతో 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా ట్రీట్‌మెంట్ హాస్పిటల్ ఏర్పడింది.

ఈ పేరులోని ‘ట్రీట్‌మెంట్’ అనే మాటను గమనించాలని మనవి. ఆ రోజుల్లో కుష్ఠు రోగుల కోసం ఉన్న స్థలాలను ఎక్కువగా ఆశ్రమాలని, శరణాలయాలని పిలిచేవారు. అక్కడికి వెళ్లిన మనిషి బతికినంత కాలం అక్కడే ఉండి అక్కడే కన్నుమూస్తాడన్నది ఆ పేర్ల భావం. డిచ్‌పల్లి వారు తమ గుమ్మం మీద ‘చికిత్స’ అని రాసుకున్నారు. రోగి వస్తాడు, చికిత్స పొందుతాడు, ఇంటికి తిరిగి వెళ్తాడు అన్న ఆశను ఆ ఒక్క మాటలో పెట్టారు.

ఆ ఆశ తేలికగా నెరవేరలేదు. అప్పటికి ఉన్న మందు చాల్‌మోగ్రా జాతి గింజల నూనె. మన తెలుగులో ఆ జాతి చెట్టు ఒకదానిని అడవిబాదం అంటారు. మన వైద్యాల్లో ఈ నూనెను పూర్వం నుంచీ వాడేవారు. కలకత్తాలో డాక్టర్ ఎర్నెస్ట్ మ్యూర్ వంటివారు దానిని సూదిమందుగా ఇచ్చే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు, డిచ్‌పల్లిలోనూ ఆ చికిత్స సాగింది. ఆ సూది చాలా నొప్పి పెట్టేది. నెలల తరబడి తీసుకోవలసి వచ్చేది. అందరికీ గుణమిచ్చేది కాదు. అయినా రోగులు వచ్చారు. వేరెక్కడా తమను తాకి చూసేవారు లేరు గనుక వచ్చారు.

1923లో ఇసబెల్ కెర్‌కు ప్రభుత్వం కైసర్-ఎ-హింద్ పతకం ఇచ్చింది. 1932లో ఆమె మరణించారు. ఆసుపత్రి ఆమెతో ఆగిపోలేదు. అక్కడ పనిచేసిన డాక్టర్ జాన్ లో తరువాత కలకత్తాకు, ఆపైన ఆఫ్రికా ఖండంలోని నైజీరియాకు వెళ్లారు. అక్కడి ఉజువాకోలి అనే చోట డాప్సోన్ అనే చవక మాత్రను నోటి ద్వారా ఇచ్చి కుష్ఠును అదుపు చేయవచ్చునని చూపినవారిలో ఆయన ముఖ్యుడు. సూది నొప్పి స్థానంలో ఒక చిన్న మాత్ర వచ్చింది. డిచ్‌పల్లి ఆసుపత్రి తరువాతి కాలంలో చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా నిర్వహణలోకి వెళ్లింది.

ఈ కథలో ఎవరెవరున్నారో మరొకసారి చూడండి. వైద్యురాలు క్రైస్తవురాలు. దాత హిందువు. రాజ్యం ముస్లిం పాలకుడిది. రోగులు అన్ని మతాలవారు. ఉత్తర తెలంగాణలో మనం గర్వంగా చెప్పుకోదగిన వైద్య చరిత్ర ఇలా నలుగురు కలిసి కట్టినది.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. ఆ మిషన్ వారు తమ మతాన్ని ప్రచారం చేయడానికే వచ్చారు కదా అని మన మిత్రులు కొందరు అన్నారు. నిజమే, అది దాచవలసిన సంగతి కాదు. వారు తమ విశ్వాసాన్ని బోధించారు. దాని నుంచి మనం నేర్చుకోవలసింది రెండు విధాలుగా ఉన్నది. విశ్వాసం మనిషిని ఎవరూ ముట్టని రోగి దగ్గరికి నడిపించగలదన్నది మొదటిది. మన గుమ్మంలోకి వచ్చిన రోగికి వైద్యంతో పాటు ఏ బోధనా అంటగట్టకూడదన్నది రెండవది. జబ్బుతో ఉన్నవాడి బలహీనత మన ప్రచారానికి అవకాశం కారాదు. ఈ నియమాన్ని మన దవాఖానా నిబంధనావళిలో రాతపూర్వకంగా చేర్చాలని మేము ప్రతిపాదిస్తున్నాము.

మన సంప్రదాయం చెప్పేది

అందరికీ తలుపు తెరవడం మనకు కొత్త కాదు. ఉమయ్యద్ ఖలీఫా వలీద్ కాలంలో, అంటే ఎనిమిదో శతాబ్దం ఆరంభంలో, డమాస్కస్‌లో కుష్ఠు రోగులకు భత్యం ఏర్పాటు చేసి, వారు వీధుల్లో అడుక్కోవలసిన అవసరం లేకుండా చూశారని చరిత్రకారులు రాశారు. 1284లో కైరో నగరంలో సుల్తాన్ ఖలావూన్ కట్టించిన మన్సూరీ బీమారిస్తాన్ వక్ఫ్ ఆదాయంతో నడిచింది. ధనికులు, పేదలు, స్త్రీలు, పురుషులు ఎవరైనా అక్కడ వైద్యం పొందవచ్చు. నయమై వెళ్లేటప్పుడు రోగికి కొంత సొమ్ము ఇచ్చి పంపేవారని చెబుతారు. కారణం సులువుగా అర్థమవుతుంది. మంచం మీద ఉన్నన్నాళ్లూ కూలి పోయిన మనిషి ఇంటికి వెళ్లగానే బరువు ఎత్తితే జబ్బు తిరగబెడుతుంది. ఏడు వందల ఏళ్ల క్రితమే ఆ ఆలోచన చేసినవారి వారసులం మనం.

మన హైదరాబాదు సంగతే చూడండి. చార్మినార్ కట్టించిన ముహమ్మద్ కులీ కుతుబ్ షాహ్ 1595 ప్రాంతంలో దారుష్షిఫా నిర్మించారు. అది ఆసుపత్రి, యునానీ వైద్య విద్యాలయం కూడా. ఆ భవనం పేరే ఆ పేటకు మిగిలింది. 1846లో హైదరాబాదు వైద్య పాఠశాల మొదలైనప్పుడు అక్కడ బోధన ఉర్దూలో జరిగింది. రోగి మాట్లాడే మాటలోనే వైద్యుడు చదువుకున్న కాలమది. 1885లో అదే పాఠశాలలో ఆడపిల్లలకు ప్రవేశం దొరికింది. వారిలో ఒకరైన రూపాబాయి ఫర్దూన్‌జీ మత్తుమందు ఇచ్చే వైద్యంలో ప్రపంచంలోనే తొలి మహిళల్లో ఒకరిగా పేరు పొందారు. ఆమె పార్సీ కుటుంబానికి చెందినవారు.

మనం రోజూ వాడే ‘దవాఖానా’ అన్న మాటను కూడా చూడండి. దవా అరబీ మాట, ఖానా ఫారసీ మాట. ఉత్తర తెలంగాణలో ఏ ఊరికి పోయినా, ఏ కులం ముసలమ్మను అడిగినా ‘దవాఖానకు పోయి వస్త’ అనే అంటుంది. 2018లో ప్రభుత్వం హైదరాబాదు బస్తీల్లో చిన్న వైద్య కేంద్రాలు తెరిచినప్పుడు వాటికి బస్తీ దవాఖానా అనే పేరు పెట్టింది. మన భాషల నుంచి వచ్చిన మాట అందరి నోటి మాటగా మారింది. ఆ మాట అందరిదయినప్పుడు ఆ పేరుతో తెరిచే తలుపు కొందరికే కావడం సబబు కాదు.

కాబట్టి మొదటి ప్రశ్నకు మా సమాధానం స్పష్టం. మన దవాఖానా అందరిది. చీటీ రాసేటప్పుడు పేరు, వయసు, జబ్బు అడుగుతారు. మతం, కులం అడగరు.

జబ్బుకు మతం అంటగట్టిన రోజులు

ఈ మాట మరింత గట్టిగా చెప్పడానికి మన కరీంనగర్‌కు ప్రత్యేక కారణం ఉన్నది. 2020 మార్చిలో ఇండోనేషియా నుంచి మన పట్టణానికి వచ్చిన మతప్రచారకుల బృందంలో కొందరికి కరోనా నిర్ధారణ అయింది. వారిని హైదరాబాదు గాంధీ ఆసుపత్రికి తరలించారు. వైద్య బృందాలు మన వీధుల్లో ఇల్లిల్లూ తిరిగి పరీక్షించాయి. దారులకు అడ్డుకట్టలు వేశారు. ప్రజల ప్రాణాలు కాపాడటానికి చేసిన ఆ పనిని మనం తప్పుపట్టడం లేదు. అధికారులకు, ఆశా కార్యకర్తలకు, పారిశుద్ధ్య కార్మికులకు ఈ పట్టణం రుణపడి ఉంటుంది.

కొద్ది రోజులకే దేశమంతటా జరిగింది వేరు. ఒక వైరస్‌కు మతం పేరు పెట్టారు. కూరగాయల బండి దగ్గర పేరు అడిగారు. కొన్నిచోట్ల వైద్యానికి వెళ్లిన వారిని కూడా అనుమానంతో చూశారు. ఆ ఏడాది ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం విదేశీ తబ్లీగీ సభ్యులపై పెట్టిన కేసులను కొట్టివేస్తూ, వారిని బలిపశువులుగా ఎంచుకున్నారన్న అభిప్రాయం వ్యక్తం చేసింది. కోర్టు తీర్పు వచ్చేసరికి మనసులకు తగలవలసిన గాయం తగిలింది.

నూరేళ్ల క్రితం కుష్ఠు రోగి అనుభవించినది, 2020లో మనం కొన్ని నెలల పాటు రుచి చూసినది ఒకే జాతి బాధ. జబ్బు కన్నా జబ్బు పేరిట వచ్చే వెలి పెద్దది. ఆ బాధ తెలిసిన సమాజం కట్టే దవాఖానాలో ఏ రోగికీ ఆ బాధ కలగకూడదు. అదే సమయంలో, శవాన్ని ముట్టడానికి అయినవారే భయపడిన రోజుల్లో మన రాష్ట్రంలో ముస్లిం యువకులు మతం చూడకుండా అంత్యక్రియలు జరిపించారు. మన దవాఖానాకు నైతిక పునాది ఆ యువకులు వేశారని మేము భావిస్తాము.

మన ఇంట్లో కూడా చూసుకోవలసినది ఉన్నది. 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టంలో భర్తకు కుష్ఠు ఉండటాన్ని విడాకులకు ఒక కారణంగా రాశారు. హిందూ వివాహ చట్టం వంటి మరికొన్ని చట్టాల్లోనూ ఇటువంటి మాటే ఉండేది. ఆ కాలానికి అది నయం కాని జబ్బు. ఇప్పుడు ఆరు నెలల నుంచి ఏడాది పాటు వాడే బహుళ ఔషధ చికిత్సతో కుష్ఠు పూర్తిగా నయమవుతుంది, మందు ఉచితం. 2019లో పార్లమెంటు వ్యక్తిగత చట్టాల సవరణ ద్వారా అయిదు చట్టాల నుంచి ఈ కారణాన్ని తొలగించింది. చట్టం మారింది. మన పెండ్లి సంబంధాల మాటల్లో ‘ఆ ఇంట్లో ఆ జబ్బు ఉండెనట’ అనే గుసగుస ఇంకా మారలేదు. కుష్ఠు, క్షయ, మూర్ఛ, మానసిక వ్యాధులు ఉన్నవారు వెనుక ద్వారం నుంచి రావలసిన అవసరం లేని దవాఖానా కావాలి మనకు.

ఎవరు వస్తారు మన గుమ్మానికి?

2006లో సచార్ కమిటీ నివేదిక పార్లమెంటు ముందుకు వచ్చింది. ముస్లింలు గణనీయంగా ఉన్న పెద్ద గ్రామాల్లో సుమారు 40 శాతం గ్రామాలకు ఏ వైద్య సదుపాయమూ లేదని ఆ నివేదిక చెప్పింది. మన రాష్ట్రంలో సుధీర్ కమిషన్ 2016లో ఇచ్చిన నివేదిక కూడా ముస్లింల వెనుకబాటును వివరంగా నమోదు చేసింది. ఈ అంకెలు మనం సభల్లో చాలాసార్లు విన్నాము. మన వీధిలో ఆ అంకె ఏ రూపంలో ఉన్నదో చూడాలి.

కరీంనగర్, జగిత్యాల, కోరుట్ల, నిర్మల్, నిజామాబాదు ప్రాంతాల్లో బీడీలు చుట్టే మహిళలు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. పద్మశాలి ఇళ్లలోనూ, మన ఇళ్లలోనూ ఒడిలో చాట పెట్టుకొని పొద్దస్తమానం వంగి కూర్చునే తల్లులు వారు. తంబాకు ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మెడ, నడుము పట్టేస్తాయి. దగ్గు వస్తే ‘తంబాకు దగ్గు’ అని సర్దుకుంటారు. అది క్షయ అని తెలిసేసరికి ఆలస్యమవుతుంది, ఈలోగా ఇంట్లో పిల్లలకు సోకుతుంది.

ఈ తల్లులకు చట్టం ఏమీ ఇవ్వలేదనుకోవద్దు. 1976లో బీడీ కార్మికుల సంక్షేమ నిధి చట్టం వచ్చింది. ఆ నిధి నుంచి కేంద్ర కార్మిక శాఖ బీడీ కార్మికుల కోసం డిస్పెన్సరీలు నడుపుతూ వచ్చింది. ఆ నిధికి ఆధారమైన సెస్సు 2017లో జి.ఎస్.టి. వచ్చినప్పుడు రద్దయింది. అప్పటి నుంచి ఆ సేవలు బడ్జెట్ దయ మీద ఆధారపడ్డాయి. గుర్తింపు కార్డు లేని మహిళకు ఆ డిస్పెన్సరీ తలుపు తెరుచుకోదు. ఇంట్లో ముగ్గురు చుడితే ఒకరి పేరు మీదనే లెక్క రాసే చోట మిగిలిన ఇద్దరూ కాగితం మీద కార్మికులు కారు.

ఆరోగ్యశ్రీ ఉన్నది కదా అంటారు. ఉన్నది, 2023 డిసెంబరులో దాని పరిమితి పది లక్షల రూపాయలకు పెరిగింది. గుండెకో, మూత్రపిండాలకో పెద్ద చికిత్స అవసరమైనప్పుడు అది పేదవాడికి ప్రాణాధారం. నెలనెలా కొనే బీపీ మాత్ర, షుగరు మాత్ర, రక్తపరీక్ష, జ్వరానికి చూపించుకునే ఫీజు, ఇవన్నీ మాత్రం జేబులోంచే పోతాయి. ఈ చిన్న ఖర్చు భరించలేకనే మాత్ర మానేస్తారు. మాత్ర మానేసినందువల్లనే పక్షవాతం వస్తుంది, మూత్రపిండం చెడుతుంది. అప్పుడు ఆరోగ్యశ్రీ అవసరం పడుతుంది. చిన్న దవాఖానా పని ఈ మొదటి మెట్టు దగ్గర ఉన్నది. పెద్ద ఆసుపత్రి కట్టాలన్న కోరిక మనకు వద్దు. మాత్ర మానకుండా చూడగలిగితే చాలు.

గల్ఫ్ దేశాల్లో ఉన్న మన పిల్లలు చందాలు పంపుతామంటున్నారు. వారి త్యాగానికి సలాం. వారి తల్లిదండ్రులు ఇక్కడ ఒంటరిగా ఉన్నారన్నది కూడా గుర్తుంచుకోవాలి. వారానికి ఒకసారి ఆ ఇళ్లకు వెళ్లి బీపీ చూసి వచ్చే మనిషిని ఏర్పాటు చేస్తే, పంపిన రూపాయికి తగిన ఫలితం వారి కళ్ల ముందే ఉంటుంది.

సొమ్ము లెక్క

రెండవ ప్రశ్న జకాత్ గురించి. జకాత్ ఎవరికి చెందాలో సూరహ్ తౌబా ఎనిమిది పద్దులుగా నిర్ణయించింది. హనఫీ పండితుల్లో అత్యధికులు జకాత్ సొమ్ము అర్హుడైన పేదవాడి సొంతం కావాలని చెబుతారు. దీనినే తమ్లీక్ అంటారు. ఆ లెక్కన గోడలు కట్టడానికి, డాక్టరు జీతానికి, కరెంటు బిల్లుకు జకాత్ వాడటం సరికాదు. అర్హుడైన పేద రోగికి మందులు కొని ఇవ్వడానికి వాడవచ్చు. ముస్లిమేతర పేద రోగుల మందుల కోసం, భవనం కోసం, జీతాల కోసం సదఖా, సాధారణ విరాళాలు ఉన్నాయి. వాటికి అటువంటి హద్దు లేదు.

కాబట్టి రెండు పుస్తకాలు, రెండు బ్యాంకు ఖాతాలు ఉండాలని మా ప్రతిపాదన. ఒకటి జకాత్, మరొకటి సాధారణ నిధి. ఒకదానిలో నుంచి మరొకదానిలోకి పైసా పోకూడదు. ప్రతి నెలా మొదటి జుమా నాడు రెండు లెక్కలూ మస్జిద్ నోటీసు బోర్డు మీదా, దవాఖానా గోడ మీదా అంటించాలి. స్థానిక ఉలమాను సంప్రదించి ఈ పద్ధతిని ఖరారు చేసుకోవాలి. లెక్క కనపడని చోట ముందు గుసగుస పుడుతుంది, తరువాత చందా ఆగుతుంది, చివరికి దవాఖానాకు తాళం పడుతుంది.

డిచ్‌పల్లికి నర్సాగౌడ్ వంటి పెద్ద దాత దొరికారు. మనకు దొరకకపోవచ్చు. నెలకు వంద రూపాయలు ఇచ్చే ఇళ్లు అయిదు వందలు ఉంటే నెలకు యాభై వేలు అవుతుంది. ఒక పెద్ద దాత మనసు మారితే దవాఖానా ఆగిపోతుంది. అయిదు వందల ఇళ్ల మనసు ఒకేసారి మారదు.

బాధ్యత ఎవరిది?

ఇక మూడవ ప్రశ్న, అన్నింటికన్నా బరువైనది. వైద్యం ప్రభుత్వ బాధ్యత. ఈ మాటను మేము నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటాము. 1996లో పశ్చిమ బెంగాల్‌కు చెందిన ఒక వ్యవసాయ కూలీ రైలు నుంచి పడి గాయపడితే, ప్రభుత్వ ఆసుపత్రులు ఒకదాని తరువాత ఒకటి చోటు లేదని తిప్పి పంపిన కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. సకాలంలో వైద్యం అందించకపోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కుకు భంగమని ఆ తీర్పు చెప్పింది. డబ్బు లేదన్న సాకు చెల్లదని కూడా చెప్పింది.

మైదాన ప్రాంతంలో ప్రతి 30 వేల మందికి, గిరిజన, కొండ ప్రాంతాల్లో ప్రతి 20 వేల మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలన్నది జాతీయ ప్రమాణం. పట్టణాల్లో ప్రతి 50 వేల మందికి ఒక పట్టణ ఆరోగ్య కేంద్రం ఉండాలి. పాత కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాల్లో 2008లో ఆదిలాబాదు రిమ్స్ వచ్చింది. 2022లో జగిత్యాల, మంచిర్యాల, రామగుండం, 2023లో కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్ ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. ఇది సంతోషించదగిన మార్పు. పెద్ద కళాశాల భవనం లేచినంత మాత్రాన మన వీధి చివర దగ్గుతున్న తల్లి దగ్గరికి వైద్యం రాదు. ఆ రెండింటి మధ్య దారి ఎవరో ఒకరు వేయాలి.

ఇక్కడే మన దవాఖానా రిజిస్టరు విలువ తెలుస్తుంది. రోగి పేరు బయటకు రాకుండా, ఏ వీధి నుంచి ఏ జబ్బుతో ఎంతమంది వచ్చారో నెలనెలా లెక్క తీయాలి. ఒకే వీధిలో విరేచనాల కేసులు పెరిగితే ఆ లెక్కతో మునిసిపాలిటీ దగ్గరికి వెళ్లి తాగునీటి పైపు చూడమని అడగాలి. క్షయ అనుమానం ఉన్నవారిని ప్రభుత్వ పరీక్షకు పంపాలి. అక్కడ మందు ఉచితం, పోషకాహారం కోసం నెలకు ఇచ్చే సాయం 2024 నవంబరు నుంచి వెయ్యి రూపాయలు. అది ఖాతాలో పడిందో లేదో మనం కనుక్కోవాలి. బీడీ చుట్టే తల్లికి కార్డు లేకపోతే దరఖాస్తు రాసి ఇవ్వాలి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం ఉన్నది.

ఇలా నడిపితే మన దవాఖానా ప్రభుత్వ బాధ్యతను తన నెత్తిన వేసుకున్నట్లు కాదు. ఆ బాధ్యతను రోజూ గుర్తుచేసే చోటు అవుతుంది. రిజిస్టరు లేని దవాఖానాది ఖైరాత్ మాత్రమే. రిజిస్టరు ఉన్న దవాఖానా హక్కు అడుగుతుంది.

రాజ్యాంగం 26వ అధికరణం ప్రతి మత వర్గానికీ ధార్మిక, దానధర్మ సంస్థలు స్థాపించి నడుపుకునే హక్కు ఇచ్చింది. ఆ హక్కును మనం అందరి మేలు కోసం వాడుకున్నప్పుడు దానికి గౌరవం పెరుగుతుంది, రక్షణ కూడా పెరుగుతుంది. మన దవాఖానాకు రేపు ఏదైనా ఆపద వస్తే దాని తరఫున నిలబడేవారిలో అన్ని మతాల రోగులూ ఉండాలి.

మనం తీసుకోవలసిన నిర్ణయాలు

చివరగా సభ ముందు కొన్ని ప్రతిపాదనలు పెడుతున్నాము.

పట్టా లేని వైద్యుడిని ఒక్కరోజు కూడా కూర్చోబెట్టకూడదు. అడిగినవారికల్లా సూది, సెలైను ఎక్కించే అలవాటు మన పేటల్లో చాలామంది ఆరోగ్యాన్ని చెడగొట్టింది. యునానీ పట్టభద్రులైన మన పిల్లలు ఉన్నారు. వారు తమ వైద్యాన్ని తమ పరిధిలో చేయాలి, ఆ పరిధి దాటిన రోగిని వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి పంపాలి. పంపడం అవమానం కాదు, అది వైద్యంలో భాగం.

వారానికి కనీసం మూడు పూటలు మహిళా వైద్యురాలు ఉండాలి. మగ డాక్టరుకు చెప్పుకోలేక లోపలే దాచుకున్న జబ్బులతో మన తల్లులు బాధపడుతున్నారు. ఇసబెల్ కెర్ స్త్రీ కావడం వల్ల ఎంతమంది ఆడవారికి నాడి పట్టి చూసే మనిషి దొరికిందో ఊహించండి. మన ఆడపిల్లలను నర్సింగుకు, ఫార్మసీకి, వైద్యానికి పంపాలి. 2007 నుంచి ఉన్న బీసీ-ఈ నాలుగు శాతం రిజర్వేషన్ వల్ల వైద్య కళాశాలల్లో చేరిన మన పిల్లలున్నారు. వారిలో ప్రతి ఒక్కరూ నెలకు ఒక ఆదివారం ఏదో ఒక మహల్లాకు ఇవ్వాలని ఈ వేదిక నుంచి కోరుతున్నాము.

నిర్వహణ సంఘంలో మూడో వంతు మహిళలు ఉండాలి. పొరుగు వీధుల హిందూ, క్రైస్తవ, దళిత పెద్దలకు సలహా సంఘంలో చోటు ఉండాలి. పేరు కోసం ఫోటో దిగి వెళ్లే చోటు కాకూడదు అది, లెక్కలు చూసి ప్రశ్నించే చోటు కావాలి.

దవాఖానాకు ఏ నాయకుడి పేరూ, ఏ దాత పేరూ పెట్టవద్దు. మహల్లా పేరు చాలు.

సోదర సోదరీమణులారా, నిజామాబాదు కేంద్రం 1911లో చిన్నదిగానే మొదలైంది. దానిని నిలబెట్టింది భవనం కాదు, ఎవరూ ముట్టని మనిషిని ముట్టిన చేయి. మనం అద్దె గదితోనే మొదలుపెడదాం. ఆ గది గుమ్మం దగ్గర ఒక కుష్ఠు రోగి, ఒక బీడీ కార్మికురాలు, ఒక గల్ఫ్ కార్మికుడి తల్లి ఒకే బెంచీ మీద కూర్చోగలిగితే మన దవాఖానా సరైన దారిలో ఉన్నట్లు. ఈ పనిలో అల్లాహ్ మనకు సహాయపడుగాక, మన సంకల్పాన్ని శుద్ధంగా ఉంచుగాక. ఆమీన్.

చందా పుస్తకాలు ద్వారం దగ్గర ఉన్నాయి. రెండు రంగుల్లో ఉన్నాయి. పచ్చది జకాత్‌ది, తెల్లది సాధారణ నిధిది. రశీదు తీసుకోకుండా ఎవరూ సొమ్ము ఇవ్వవద్దని మనవి.